అక్షాంశ రేఖాంశాలు

భూమి ఉపరితలంపై ఒక ప్రదేశం ఎక్కడ ఉన్నదో నిర్దిష్టంగా తెలుపుటకు ఉపయోగించే రెండు కోణీయ కొలతలను అక్షాంశం, రేఖాంశం అంటారు. ఒక ప్రదేశం భూమధ్య రేఖకు ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నదో అక్షాంశం తెలుపుతుంది. అదే ప్రదేశం ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే సున్నా రేఖకు ఎంత తూర్పున లేదా పడమరన ఉన్నదో రేఖాంశం తెలుపుతుంది. ఈ రెండు సంఖ్యలు కలిపి చెబితే భూగోళం మీద ఒకే ఒక్క బిందువు నిర్ణయమవుతుంది. ఉదాహరణకు 17°23′ ఉత్తర అక్షాంశం, 78°28′ తూర్పు రేఖాంశం అనగా హైదరాబాదు.

పటాలపైన, గ్లోబుపైన కనిపించే అడ్డగీతలు, నిలువుగీతలు ఈ కొలతలను సూచించే ఊహారేఖలు. భూమిపై ఇటువంటి గీతలేవీ ఉండవు. అయినా నౌకాయానం, విమానయానం, కాలగణన, భూమి కొలత, తుఫాను హెచ్చరికలు అన్నీ వీటిపైనే ఆధారపడి ఉన్నాయి.

పద వివరణ

భారతీయ ఖగోళ గ్రంథాలలో ఒక ప్రదేశం నుండి చూసినపుడు ధ్రువం క్షితిజానికి ఎంత ఎత్తున ఉన్నదో తెలిపే కోణాన్ని "అక్షము" అన్నారు. దానిని అంశలలో, అనగా డిగ్రీలలో చెబితే అక్షాంశం. రెండు ప్రదేశాల మధ్య తూర్పు పడమరల తేడాను ఆ గ్రంథాలు "దేశాంతరం" అన్నాయి. సూర్య సిద్ధాంతం మొదలైన గ్రంథాలు లంక, ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా పోయే రేఖను మూలరేఖగా గ్రహించాయి. ఇందులోని లంక భూమధ్య రేఖపై ఊహించుకున్న స్థానం. ఇప్పటి లెక్కలో ఉజ్జయిని గ్రీనిచ్‌కు తూర్పున సుమారు 75°46′ వద్ద ఉంది.

అక్షాంశం అన్నది కోణం. అక్షాంశ రేఖ అన్నది ఒకే అక్షాంశం గల బిందువులన్నిటినీ కలిపే గీత. వాడుకలో రెండింటినీ ఒకే మాటతో పిలిచినా, ఈ తేడా గుర్తుంటే విషయం సులభంగా అర్థమవుతుంది. రేఖాంశ రేఖలను మధ్యాహ్న రేఖలు అని కూడా అంటారు. ఒక రేఖాంశ రేఖపై ఉన్న ఊళ్ళన్నిటికీ సూర్యుని ప్రకారం మధ్యాహ్నం ఒకేసారి కావడమే ఈ పేరుకు కారణం.

అక్షాంశాలు

ఉత్తర, దక్షిణ ధ్రువాలకు సమాన దూరంలో భూమిని చుట్టి ఉన్న వృత్తం భూమధ్య రేఖ. దీని అక్షాంశం 0°, పొడవు సుమారు 40,075 కి.మీ. ఇక్కడి నుండి ఉత్తర ధ్రువం వరకు 90°, దక్షిణ ధ్రువం వరకు 90°. అక్షాంశ రేఖలన్నీ భూమధ్య రేఖకు సమాంతరంగా ఉండే వృత్తాలు. ధ్రువాల వైపు పోయే కొద్దీ ఈ వృత్తాలు చిన్నవవుతూ చివరకు ధ్రువం వద్ద బిందువుగా మారతాయి.

సూర్యుని గమనాన్ని బట్టి ప్రత్యేకమైన పేర్లు పొందిన అక్షాంశ రేఖలు నాలుగు:

• కర్కట రేఖ (సుమారు 23°26′ ఉ): సూర్యుడు నడినెత్తిన కనిపించగల ఉత్తరపు హద్దు. ఇది జూన్ 21 ప్రాంతంలో జరుగుతుంది.
• మకర రేఖ (సుమారు 23°26′ ద): దక్షిణపు హద్దు. ఇది డిసెంబరు 22 ప్రాంతంలో జరుగుతుంది.
• ఆర్కిటిక్ వలయం (సుమారు 66°34′ ఉ): ఇక్కడి నుండి ధ్రువం వరకు ఏడాదిలో కనీసం ఒక రోజు సూర్యుడు అస్తమించడు, ఒక రోజు ఉదయించడు.
• అంటార్కిటిక్ వలయం (సుమారు 66°34′ ద): దక్షిణాన అటువంటిదే.

కర్కట, మకర రేఖల మధ్యనున్న ప్రాంతం ఉష్ణమండలం. తెలుగు నేల అంతా కర్కట రేఖకు దక్షిణాన ఉన్నది కనుక ఇక్కడి ప్రతి ఊరిలోనూ ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ సమయంలో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. హైదరాబాదులో ఈ "నీడ లేని రోజులు" మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో వస్తాయి. ఢిల్లీ కర్కట రేఖకు ఉత్తరాన ఉండటం వలన అక్కడ ఇటువంటి రోజు ఎన్నడూ రాదు.

రేఖాంశాలు

ఉత్తర ధ్రువం నుండి దక్షిణ ధ్రువం వరకు గీసిన అర్ధవృత్తాలు రేఖాంశ రేఖలు. ఇవన్నీ సమానమైన పొడవు గలవి. ఇవి సమాంతర రేఖలు కావు. భూమధ్య రేఖ వద్ద ఎడంగా ఉండి, ధ్రువాల వద్ద కలుస్తాయి. సున్నా రేఖ నుండి తూర్పుకు 180°, పడమరకు 180° లెక్కిస్తారు. 180° తూర్పు, 180° పడమర ఒకే రేఖ.

అక్షాంశాలకు భూమధ్య రేఖ ప్రకృతి సిద్ధమైన ఆరంభం. భూమి తన అక్షం చుట్టూ తిరగడమే దానిని నిర్ణయిస్తుంది. రేఖాంశాలకు అటువంటి సహజమైన ఆరంభం లేదు. ఏ రేఖనైనా సున్నాగా తీసుకోవచ్చు. అందువలన ఒక్కొక్క దేశం ఒక్కొక్క రేఖను వాడుతూ వచ్చింది. ఫ్రెంచివారు పారిస్‌ను, ఆంగ్లేయులు గ్రీనిచ్‌ను మూలంగా గ్రహించారు. ఈ గందరగోళాన్ని తొలగించుటకు 1884 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో అంతర్జాతీయ సమావేశం జరిగింది. పాల్గొన్న 25 దేశాలలో 22 గ్రీనిచ్‌కు అనుకూలంగా ఓటు వేశాయి. శాన్ డొమింగో వ్యతిరేకించింది. ఫ్రాన్స్, బ్రెజిల్ తటస్థంగా ఉన్నాయి. అప్పటికే ప్రపంచంలోని అధిక శాతం నౌకలు గ్రీనిచ్ ఆధారంగా తయారైన పటాలను వాడుతుండటం ఈ నిర్ణయానికి ముఖ్య కారణం.

డిగ్రీ, నిమిషం, సెకను

ఒక డిగ్రీని 60 నిమిషాలుగా, ఒక నిమిషాన్ని 60 సెకన్లుగా విభజిస్తారు. ఇవి కోణం కొలతలు, గడియారపు నిమిషాలు కావు. దశాంశ పద్ధతిలో వ్రాయాలంటే నిమిషాలను 60తో భాగించాలి. 17°23′ అంటే 17 + 23/60, అనగా 17.383°. విద్యార్థులు 17°23′ను 17.23° అని వ్రాయడం తరచుగా కనిపించే పొరపాటు. ఈ పొరపాటు వలన స్థానం సుమారు 17 కి.మీ. దక్షిణానికి జరిగిపోతుంది.

ఒక డిగ్రీ అక్షాంశం భూమిపై సుమారు 111 కి.మీ. దూరానికి సమానం. ఒక నిమిషం సుమారు 1,852 మీటర్లు. నాటికల్ మైలు ఈ లెక్క నుండే వచ్చింది. ఒక సెకను సుమారు 31 మీటర్లు. ఒక డిగ్రీ రేఖాంశం విలువ మాత్రం అక్షాంశాన్ని బట్టి మారుతుంది:

• భూమధ్య రేఖ వద్ద: 111.3 కి.మీ.
• 17° అక్షాంశం వద్ద: సుమారు 106.5 కి.మీ.
• 60° అక్షాంశం వద్ద: సుమారు 55.8 కి.మీ.
• ధ్రువం వద్ద: సున్నా

ఏ అక్షాంశం వద్దనైనా ఈ దూరాన్ని తెలుసుకోవాలంటే 111.3ను ఆ అక్షాంశం యొక్క కొసైన్ విలువతో గుణిస్తే దాదాపు సరిపోతుంది.

అక్షాంశాన్ని కనుగొనే విధానం

అక్షాంశాన్ని ఆకాశం చూసి తెలుసుకోవచ్చు. ఉత్తరార్ధ గోళంలో ధ్రువ నక్షత్రం క్షితిజానికి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో ఆ ప్రదేశం అక్షాంశం సుమారుగా అంతే. హైదరాబాదులో అది 17° ఎత్తున, ఢిల్లీలో 28° పైబడిన ఎత్తున కనిపిస్తుంది. ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువ బిందువు వద్ద ఉండదు. ఒక డిగ్రీ లోపు తేడా ఉంటుంది.

పగటి పూట నీడతో కూడా లెక్కించవచ్చు. రాత్రింబవళ్ళు సమానమయ్యే మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాలలో ఒక మీటరు కర్రను సమతలమైన నేలపై నిటారుగా నిలిపి, మధ్యాహ్నం అతి పొట్టి నీడను కొలవాలి. నీడ పొడవును కర్ర పొడవుతో భాగిస్తే వచ్చేది అక్షాంశం యొక్క టాంజెంట్ విలువ. హైదరాబాదులో ఆ నీడ సుమారు 31 సెంటీమీటర్లు ఉంటుంది. మన పూర్వులు 12 అంగుళాల శంకువుకు ఇదే రోజున ఇదే సమయంలో పడే నీడను "పలభ" అన్నారు. సిద్ధాంత గ్రంథాల ప్రకారం గణితం చేసేవారు ఊరి పలభను బట్టి ఆ ఊరి అక్షాంశాన్ని గ్రహించేవారు.

రేఖాంశ సమస్య

భూమి 24 గంటలలో 360° తిరుగుతుంది. అనగా గంటకు 15°, నాలుగు నిమిషాలకు 1°. కనుక రెండు ప్రదేశాల సూర్యకాలాల మధ్య తేడా తెలిస్తే వాటి రేఖాంశాల తేడా తెలిసినట్లే. చిక్కంతా ఒక చోట నిలబడి మరొక చోటి సమయాన్ని తెలుసుకోవడంలోనే ఉంది. ప్రాచీనులు చంద్రగ్రహణాన్ని ఇందుకు ఉపయోగించారు. గ్రహణం అన్ని చోట్లా ఒకే క్షణంలో మొదలవుతుంది కనుక, అది తమ ఊరిలో ఎన్ని గంటలకు మొదలైందో ఇద్దరు గమనించి పోల్చుకుంటే సరిపోతుంది. గ్రీకు శాస్త్రవేత్త హిప్పార్కస్ ఈ ఉపాయాన్ని సూచించాడు. సూర్య సిద్ధాంతంలో కూడా ఇది ఉంది. కాని గ్రహణాలు అరుదు. సరైన రేఖాంశాలు దొరకక క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో 42° పొడవు గల మధ్యధరా సముద్రాన్ని 62° అని చూపాడు. కృష్ణా ముఖద్వార ప్రాంతమైన మైసోలియా, నేటి ఘంటసాలగా గుర్తించబడిన కొంటకొస్సిల రేవు కూడా ఈ గ్రంథంలో పేర్కొనబడ్డాయి.

సముద్రంపై ఈ సమస్య ప్రాణాంతకమైనది. 1707లో తమ స్థానాన్ని తప్పుగా అంచనా వేసుకున్న బ్రిటిషు నౌకాదళం సిల్లీ దీవుల వద్ద రాళ్ళకు కొట్టుకుని నాలుగు యుద్ధ నౌకలను, 1,400 మందికి పైగా నావికులను కోల్పోయింది. 1714లో బ్రిటిషు పార్లమెంటు అర డిగ్రీ లోపు కచ్చితత్వంతో రేఖాంశం కనుగొనే పద్ధతికి 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. అర డిగ్రీ అంటే గడియారంలో రెండు నిమిషాలు. కొన్ని వారాల ప్రయాణం తరువాత కూడా గడియారం అంతకు మించి తప్పకూడదు. ఆనాటి లోలకపు గడియారాలు ఓడ ఊగితే నడిచేవి కావు.

పెద్ద చదువు లేని వడ్రంగి కుమారుడు జాన్ హారిసన్ (1693-1776) ఈ సమస్యను పరిష్కరించాడు. అతని నాలుగవ గడియారం చేతిలో ఇమిడే పెద్ద జేబు గడియారం వంటిది. 1761-62లో జమైకా ప్రయాణంలో 81 రోజులకు అది సుమారు 5 సెకన్లు మాత్రమే తప్పింది. అయినా చంద్రుని, నక్షత్రాల మధ్య దూరాలను కొలిచే పద్ధతిని సమర్థించిన ఖగోళ శాస్త్రజ్ఞులు వెంటనే అంగీకరించలేదు. రాజు మూడవ జార్జి జోక్యంతో 1773లో, తన 80వ ఏట, హారిసన్‌కు పార్లమెంటు 8,750 పౌండ్లు మంజూరు చేసింది. ఆ గడియారానికి నకలును జేమ్స్ కుక్ తన రెండవ సముద్రయానంలో (1772-75) వాడి ప్రశంసించాడు.

భారతదేశంలో కొలతలు

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖను కొలవడంతో దేశవ్యాప్త త్రికోణమితీయ సర్వే ఆరంభమైంది. సుమారు 78° తూర్పు రేఖాంశం వెంబడి కన్యాకుమారి నుండి హిమాలయ పాదాల వరకు సాగిన కొలతను "మహా చాపం" అంటారు. ఈ మార్గంలో 1811లో గుత్తి వద్ద, 1815లో బీదరు వద్ద ఆధార రేఖలు కొలిచారు. కోటలు, కొండ శిఖరాలు, గుడి గోపురాలు కొలత స్థానాలుగా ఉపయోగపడ్డాయి. లాంబ్టన్ 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద పనిలో ఉండగానే మరణించాడు. అతని తరువాత బాధ్యత చేపట్టిన జార్జి ఎవరెస్టు, 1819లో కృష్ణా గోదావరి నదుల మధ్య అడవులలో సర్వే చేస్తూ విషజ్వరం బారిన పడి, కోలుకొనుటకు దక్షిణాఫ్రికా వెళ్ళవలసి వచ్చింది. ఈ సర్వేలో జ్వరాల వలన ప్రాణాలు కోల్పోయిన దేశీయ సిబ్బంది అనేకులు. ఒక డిగ్రీ అక్షాంశం పొడవు అన్ని చోట్లా సమానం కాదని, భూమి ధ్రువాల వద్ద కొద్దిగా నొక్కుకుని ఉన్నదని ఇటువంటి కొలతల వలననే రూఢి అయింది.

ప్రామాణిక కాలం

భారత ప్రధాన భూభాగం సుమారు 68°7′ నుండి 97°25′ తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. దీనివలన తూర్పు కొసకు, పడమటి కొసకు సూర్యోదయంలో దాదాపు రెండు గంటల తేడా వస్తుంది. పూర్వం మద్రాసు, బొంబాయి, కలకత్తాలకు వేరువేరు కాలాలు ఉండేవి. 1906 నుండి 82°30′ తూర్పు రేఖాంశం ఆధారంగా, గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. 1947లో దేశమంతటికీ అధికారిక కాలమైనా, బొంబాయిలో పాత కాలం 1955 వరకు వాడుకలో ఉన్నది.

ఈ రేఖ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ సమీపం మీదుగా వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో సముద్రాన్ని చేరుతుంది. కాకినాడ మీదుగా పోతుందని సాధారణంగా చెబుతారు. కాకినాడ రేఖాంశం 82°14′ కనుక రేఖ వాస్తవానికి నగరానికి సుమారు 28 కి.మీ. తూర్పుగా, తుని పట్టణ పరిసరాల మీదుగా పోతుంది.

కొన్ని పట్టణాల స్థానాలు, ప్రామాణిక కాలంతో పోలిస్తే స్థానిక సూర్యకాలం:

• విశాఖపట్నం: 17°41′ ఉ, 83°13′ తూ, సుమారు 3 నిమిషాలు ముందు
• విజయవాడ: 16°31′ ఉ, 80°37′ తూ, సుమారు 8 నిమిషాలు వెనుక
• వరంగల్: 17°58′ ఉ, 79°36′ తూ, సుమారు 12 నిమిషాలు వెనుక
• తిరుపతి: 13°39′ ఉ, 79°25′ తూ, సుమారు 12 నిమిషాలు వెనుక
• హైదరాబాదు: 17°23′ ఉ, 78°28′ తూ, సుమారు 16 నిమిషాలు వెనుక
• అనంతపురం: 14°41′ ఉ, 77°36′ తూ, సుమారు 20 నిమిషాలు వెనుక

పంచాంగంలో సూర్యోదయ సమయాలను ఊరిని బట్టి సవరించుకోవలసి రావడానికి కారణం ఇదే. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే అయినా, సూర్యోదయం ఒక్కొక్క రేఖాంశం వద్ద ఒక్కొక్క సమయంలో అవుతుంది. అందువలన అమెరికాలోని తెలుగువారికి ఒక్కొక్కసారి పండుగ ఇక్కడి కంటే ఒక రోజు ముందు వస్తుంది. వారు అక్కడి నగరాలకు ప్రత్యేకంగా గణించిన పంచాంగాలను వాడతారు.

దినరేఖ

180° రేఖాంశాన్ని ఇంచుమించుగా అనుసరించి పసిఫిక్ మహాసముద్రంలో అంతర్జాతీయ దినరేఖ ఉన్నది. ఆసియా నుండి అమెరికా వైపు దానిని దాటితే తేదీ ఒక రోజు వెనక్కు, అమెరికా నుండి ఆసియా వైపు దాటితే ఒక రోజు ముందుకు మారుతుంది. ఒకే దేశం రెండు తేదీలుగా చీలకుండా ఈ రేఖను అక్కడక్కడ వంచారు. వ్యాపార సౌలభ్యం కొరకు సమోవా దేశం రేఖకు రెండవ వైపునకు మారినపుడు అక్కడ 2011 డిసెంబరు 30వ తేదీ లేకుండా పోయింది.

పటాలపై చదివే విధానం

గోళాన్ని చదునైన కాగితంపై పరచడం సాగదీయకుండా సాధ్యం కాదు. 1569లో మెర్కేటర్ రూపొందించిన పటంలో రేఖాంశ రేఖలు సమాంతరంగా ఉంటాయి. నావికులకు దిశ తెలుసుకొనుటకు ఇది అనుకూలం. కాని ధ్రువాల వైపు ఉన్న దేశాలు ఉన్నదాని కంటే ఎంతో పెద్దవిగా కనిపిస్తాయి. ఈ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. అందువలన విస్తీర్ణాలను పోల్చుటకు గ్లోబును చూడటం మేలు.

సర్వే ఆఫ్ ఇండియా పాత క్రమంలో దేశాన్ని 4 డిగ్రీల చదరాలుగా విభజించి సంఖ్యలు ఇచ్చింది. 16°-20° ఉత్తరం, 76°-80° తూర్పు మధ్య చదరం 56. దానిని 16 ఒక డిగ్రీ చదరాలుగా, ప్రతి దానిని తిరిగి 15 నిమిషాల చదరాలుగా విభజించారు. హైదరాబాదు నగరం మధ్య భాగం 56కె/7 పటంలో వస్తుంది. పటం సంఖ్య తెలిస్తే స్థానం, స్థానం తెలిస్తే పటం సంఖ్య చెప్పవచ్చు.

సముద్రంపై ఉపయోగం

వాతావరణ శాఖ తుఫాను కేంద్రాన్ని అక్షాంశ రేఖాంశాలలో ప్రకటిస్తుంది. ఉదాహరణకు తుఫాను 15.0° ఉ, 86.0° తూ వద్ద ఉన్నదని అనుకుందాం. విశాఖపట్నం 17.7° ఉ, 83.3° తూ వద్ద ఉన్నది. అక్షాంశాల తేడా 2.7°, అనగా సుమారు 300 కి.మీ. రేఖాంశాల తేడా 2.7°, ఇక్కడి లెక్కలో సుమారు 288 కి.మీ. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దూరం సుమారు 415 కి.మీ., దిశ ఆగ్నేయం. మూడు గంటల తరువాత వచ్చే ప్రకటనలోని స్థానాన్ని కూడా పటంపై గుర్తిస్తే తుఫాను ఎటు, ఎంత వేగంతో కదులుతున్నదో తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫానును ఇదే విధంగా ముందుగా గుర్తించి ప్రజలను తరలించారు.

దేశాల సముద్ర సరిహద్దులు కూడా నీటిపై కనిపించవు. గుజరాత్ తీరంలో పనికి వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో సరిహద్దు దాటారన్న అభియోగంపై పాకిస్తాన్‌లో నిర్బంధించబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. పడవలో స్థానాన్ని తెలిపే పరికరం ఉండటం, దానిలోని సంఖ్యలను చదవడం తెలియడం వేటకు వెళ్ళేవారికి ఎంత అవసరమో ఇటువంటి సంఘటనలు తెలుపుతాయి.

ఉపగ్రహాల ద్వారా

నేడు స్థానాన్ని ఉపగ్రహాల సంకేతాల ద్వారా తెలుసుకుంటున్నారు. అమెరికాకు చెందిన జీపీఎస్ 1995 నాటికి పూర్తిగా పనిచేయసాగింది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2013-2016 మధ్య తన సొంత వ్యవస్థ కొరకు ఉపగ్రహాలను పంపింది. దీని పేరు నావిక్. ఉపగ్రహాలలోని అణు గడియారాలు పంపే సమయాన్ని బట్టి దూరాన్ని, దూరాలను బట్టి స్థానాన్ని పరికరం లెక్కిస్తుంది. హారిసన్ కాలంలో వలెనే ఇప్పుడు కూడా స్థానానికి మూలం కచ్చితమైన గడియారమే. ఉపగ్రహాల లెక్కలోని సున్నా రేఖ గ్రీనిచ్ వేధశాలలోని పాత రేఖకు సుమారు 102 మీటర్లు తూర్పున ఉన్నది. అందుచేత అక్కడి ఇత్తడి గీతపై నిలబడిన సందర్శకుల పరికరం సున్నాను చూపదు.

సాధారణ అపోహలు

• "అక్షాంశాలు 180, రేఖాంశాలు 360 ఉన్నాయి": డిగ్రీకి ఒక గీత చొప్పున గీస్తే వచ్చే లెక్క ఇది. నిజానికి ప్రతి బిందువు గుండా ఒక అక్షాంశ రేఖ, ఒక రేఖాంశ రేఖ పోతాయి.
• "రేఖాంశ రేఖలు వృత్తాలు": ఒక్కొక్కటి అర్ధవృత్తం మాత్రమే. ఎదురెదురుగా ఉన్న రెండు కలిస్తే వృత్తమవుతుంది.
• "మధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు అన్ని చోట్లా అత్యంత ఎత్తున ఉంటాడు": రేఖాంశాన్ని బట్టి, రోజును బట్టి ఈ సమయం మారుతుంది.
• "వేసవిలో సూర్యుడు దేశమంతటా నడినెత్తికి వస్తాడు": కర్కట రేఖకు ఉత్తరాన ఎన్నడూ రాడు.

ఇవి కూడా చూడండి

• భూమధ్య రేఖ
• కర్కట రేఖ
• భారత ప్రామాణిక కాలం
• పంచాంగం